యాకోబు సమాధి చూడాలంటే జులై 25నే వెళ్లాలా?

ప్రశ్న: మేమిద్దరం రిటైరైన టీచర్లం, గుంటూరులో ఉంటాం. అమ్మాయి మాడ్రిడ్‌లో ఉద్యోగం చేస్తోంది. స్పెయిన్‌లోని సాంటియాగో డి కాంపొస్టెలాలో అపొస్తలుడైన యాకోబు సమాధి చూడాలని మా ఆవిడ కోరిక, అదీ 2027 జులై 25 పండగ రోజున. ఏజెంటు ఐదు రాత్రుల ప్యాకేజీకి 6 లక్షలు చెప్పాడు. వాయిదాల్లో కట్టొచ్చంటున్నాడు. మా దగ్గర 4 లక్షల ఎఫ్‌డీ ఉంది. అది తీసేయాలా, వాయిదాలకు ఒప్పుకోవాలా?

జవాబు: రెండూ వద్దు మాస్టారూ. రిటైరయ్యాక చేతిలో ఉన్న ఒక్క ఎఫ్‌డీ ఆసుపత్రి ఖర్చులకే ఉండాలి. పెన్షన్ మీద బతికేవాళ్లు యాత్రకు అప్పు చేస్తే, తిరిగొచ్చాక ప్రతి నెలా ఒకటో తేదీన ఆ యాత్రే గుర్తొస్తుంది.

ముందు తేదీ సంగతి చూద్దాం, మీ ఖర్చంతా అక్కడే పెరుగుతోంది. జులై 25 ఆదివారం వచ్చిన ఏడాదిని సాంటియాగోలో పవిత్ర సంవత్సరం అంటారు. 2027 అలాంటిది, అది దాటితే మళ్లీ 2032లోనే. కాబట్టి మీ శ్రీమతిగారు ఆ ఏడాదే కావాలనడంలో న్యాయముంది. కానీ యాకోబు సమాధి ఉన్న కేథడ్రల్‌లోని పవిత్ర ద్వారం ఆ ఒక్క రోజు కోసం తెరవరు, ఆ ఏడాది పొడవునా తెరిచే ఉంటుంది. అందులోంచి మార్చిలో వెళ్లినా, అక్టోబరులో వెళ్లినా విశ్వాసులకు దక్కే ఫలం ఒకటే. పుష్కరాల మొదటి రోజు రేవు పక్కన లాడ్జి అద్దె ఎంతుంటుందో మీకు తెలియంది కాదు. ఏడో రోజు వెళ్తే అదే నీరు, అద్దె వేరు. జులై 25 సాంటియాగో ఉన్న గలీసియా ప్రాంతపు పండగ కూడా. ఆ వారం గదుల కోసం పోటీ పడొద్దు.

అక్టోబరు పెట్టుకోండి. వాన ఎక్కువ ఊరు, గొడుగు మాత్రం మర్చిపోకండి.

రాత్రులు మూడు చాలు. పాత ఊరంతా నడిచి చూసేయొచ్చు. కేథడ్రల్‌లోకి ప్రవేశం ఉచితం. శిల్పి మతేయో 1188 నాటికి చెక్కిన 'మహిమ ద్వారం' చూడ్డానికి టికెట్ ఉంది, దానికి వెనకాడకండి. 53 కిలోల సాంబ్రాణి పాత్రను ఊపే దృశ్యం చూపిస్తామని ఏజెంటు అదనంగా అడిగితే మాత్రం ఆలోచించండి, మామూలు రోజుల ఆరాధనలో దాన్ని ఊపరు. 1499లో స్పెయిన్ రాజదంపతులు యాత్రికుల కోసం ఆసుపత్రి కట్టమని ఆజ్ఞాపించిన భవనం ఇప్పుడు ఖరీదైన హోటల్. బయట ఫొటో దిగి వచ్చేయండి. పడుకోవడానికి కేథడ్రల్ పక్కనే సాన్ మార్టిన్ పినారియో మఠంలో సాదా గదులున్నాయి.

యూరోను 110 రూపాయలుగా పట్టుకుని నేను వేసిన అంచనా ఇది. గది 225 యూరోలు, తిండి 150, టికెట్లూ కాఫీలూ 55, మాడ్రిడ్ నుంచి ఇద్దరికి రానూపోనూ రైలు 200. అంటే సుమారు 69,000 రూపాయలు. వీసా ఫీజు మనిషికి 90 యూరోల చొప్పున ఇద్దరికీ 19,800. విమానానికి లక్షన్నర, బీమాకు 5,000 వేసుకోండి. చేతి ఖర్చు కలిపినా 2 లక్షల 70 వేలు. మాడ్రిడ్‌లో అమ్మాయి ఇల్లుంది కదా! నెలకు 22,500 చొప్పున పన్నెండు నెలల ఆర్‌డీ వేస్తే ఎఫ్‌డీ జోలికి పోకుండానే సరిపోతుంది.

విడివిడిగా బుక్ చేసుకోమనడానికి ఇంకో కారణం, విదేశీ ప్యాకేజీకి మొదటి రూపాయి నుంచే టీసీఎస్ (అమ్మేవాడు ముందే వసూలు చేసే ఆదాయపు పన్ను) పడుతుంది. రిటర్ను వేస్తే సర్దుబాటవుతుంది, నిజమే, కానీ అప్పటిదాకా మీ డబ్బు ఇరుక్కుంటుంది.

వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. అమ్మాయి ఇంట్లో దిగుతామని రాస్తే, ఆమె అక్కడి పోలీసు కార్యాలయం నుంచి ఆహ్వాన పత్రం తీసుకోవాలి. దానికి టైమ్ పడుతుంది, ఇప్పుడే చెప్పండి.

ఇక్కడి క్రెడిట్ కార్డు అక్కడ గీకితే చాలా కార్డులపై మూడున్నర శాతం, దానిపై జీఎస్టీ పోతాయి. ముందే యూరోలు నింపుకునే ఫారెక్స్ కార్డు తీసుకెళ్లండి. ఏ కార్డు గీకినా మిషన్ రూపాయల్లోనా, యూరోల్లోనా అని అడిగితే కళ్లు మూసుకుని యూరోలే నొక్కండి.