గూట్లో పిల్లలున్నప్పుడు

తిరుపతి

బుజ్జికి, పెదనాన్న ఆశీస్సులు.

నీ జీబ్రా ఫించ్ పిట్టలు గుడ్లు పెట్టినాయని రాసినావు. ముందు ఆ గూట్లోంచి చెయ్యి తియ్యి. గుడ్లు మొదలయ్యాక కొబ్బరిపీచు వెయ్యొద్దు. కొత్త పీచు కనబడితే జీబ్రా ఫించ్ గుడ్ల మీదే ఇంకో అంతస్తు కడుతుంది, కిందివి చల్లబడి పాడైపోతాయి. నూలుదారాలు అసలే వద్దు, పిల్లల కాళ్లకు చుట్టుకుంటాయి.

ఫించ్ రోజుకొకటి చొప్పున నాలుగు నుంచి ఆరు గుడ్లు పెడుతుంది. ఆడా మగా వంతులేసుకుని పొదుగుతాయి. నిలకడగా కూర్చున్న నాటి నుంచి లెక్కపెట్టు, 12 నుంచి 14 రోజులు. ఆరో రోజు పక్షి లేచి తిండికి పోయినప్పుడు గుడ్డు వెనక చిన్న టార్చి పట్టు. ఎర్రటి నరాలు కనబడితే పిల్ల ఉన్నట్టు.

కెనరీ పిట్ట సంగతి వేరు. ఆడదే పొదుగుతుంది, మగది తెచ్చి పెడుతుంది. కొన్ని మొదటి గుడ్డు మీదే కూర్చుంటాయి. అప్పుడు పిల్లలు రోజుకొకటి బయటికొచ్చి, చివరిది పెద్దవాటి కింద నలిగి పోతుంది. అందుకే మొదటి మూడు గుడ్లను ఏ రోజుకారోజు పొద్దున్నే తీసి, ప్లాస్టిక్ గుడ్డు పెట్టు. తీసినవాటిని కొర్రల గిన్నెలో ఉంచి, రోజూ పక్కకు తిప్పు. నాలుగోది పెట్టినాక అన్నీ తిరిగి పెట్టేయ్.

పిల్లలు పుట్టినాక చూడాల్సింది మెడ. చర్మం పల్చన కాబట్టి మెడలోని తిండి సంచిలో గింజలు తెల్లగా కనిపిస్తాయి. దీపం ఆర్పేముందు ఒక్కసారి చూడు, సంచి నిండుంటే ఆ రాత్రికి బెంగ లేదు. మొదటి రోజు ఖాళీగా ఉందని కంగారుపడకు, కడుపులో పచ్చసొన మిగిలే ఉంటుంది. రెండో రోజూ ఖాళీగా ఉంటేనే ఆలోచించాల. కింద పడిన పిల్ల చల్లగా ఉంటే అరచేతిలో వెచ్చచేసి గూట్లో పెట్టేయ్. మనిషి ముట్టుకున్నాడని తల్లి వదిలేస్తుందనేది ఒట్టి మాట.

కోడిగుడ్డును పది నిమిషాలు ఉడికించి మెత్తగా నలిపి, జతకు ఒక చెంచా పెట్టు. మన ఎండలకు రెండు గంటల్లో తీసెయ్యాల, పులిసిందంటే పిల్లలకు విరేచనాలే. సముద్రపు నురుగు ముక్క, అంటే కటిల్‌ఫిష్ ఎముక, పంజరంలో ఎప్పుడూ ఉండాల. సున్నం తక్కువైతే గుడ్డు లోపలే ఇరుక్కుని ఆడపక్షి చచ్చిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో జత కట్టించొద్దు. కార్తీకం నుంచి శివరాత్రి దాకా మేలు.

మన చేలల్లో జీనువాయిల్ని, అంటే మునియా పిట్టల్ని, పట్టి అమ్మేవాళ్లుంటారు, కొనొద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

ఫించ్ పిల్లలు మూడు వారాలకు గూడు దాటుతాయి. 35 రోజులకు, ముక్కు ఇంకా నల్లగా ఉండగానే, సొంతంగా గింజ ఒలుస్తున్నాయో లేదో చూసుకుని వేరే పంజరంలోకి మార్చు. తర్వాత గూటిపెట్టెను వేడినీళ్లతో కడిగి రెండు రోజులు ఎండబెట్టు. మైట్లనే సన్న పురుగులు చెక్క సందుల్లో దాక్కుంటాయి, సందుల్ని వదలకు.

పెదనాన్న