పాప్ నార్మల్, హెచ్‌పీవీ పాజిటివ్: ఏది నమ్మాలి?

మెహిదీపట్నంలో ఉండే మీ అక్కగారికి 38 ఏళ్ల వయసులో పాప్ స్మియర్ నార్మల్ అనీ, హెచ్‌పీవీ పాజిటివ్ అనీ రావడానికి కారణం బహుశా ల్యాబు పొరపాటు కాదు, ఆ రెండు పరీక్షలు వెతికేది వేర్వేరు కావడమే. పాప్ స్మియర్ గర్భాశయ ముఖద్వారపు కణాలలో వచ్చిన మార్పును చూస్తుంది. రెండోది ఆ మార్పుకు దారితీయగల హ్యూమన్ పాపిలోమా వైరస్‌ను (హెచ్‌పీవీ) పట్టుకుంటుంది. క్యాన్సర్‌కు ముందు కణాలలో వచ్చే తీవ్రమైన మార్పులున్న వారిలో నూటికి 90 మందికి పైగా హెచ్‌పీవీ పరీక్షలో బయటపడతారు. ఒక్కసారి చేసిన పాప్‌లో చాలామంది తప్పిపోతారు.

పాజిటివ్ అంటే క్యాన్సర్ అని కాదు. ఎక్కువ మందిలో ఈ వైరస్ రెండేళ్లలో దానంతటదే పోతుంది. దయచేసి ఆమెకు ఈ మాట ముందుగా చెప్పండి.

ఇప్పుడు చేయాల్సినవి ఇవి. చాలామంది వదిలేసేది మొదటి మెట్టునే:

1. హెచ్‌పీవీ రిపోర్టులో ‘జీనోటైప్’ (వైరస్ రకం) అన్న వరుస చూడండి. అక్కడ 16 గానీ 18 గానీ ఉంటే, పాప్ నార్మల్‌గా ఉన్నా కాల్పోస్కోపీ (గర్భాశయ ముఖద్వారాన్ని పెద్దదిగా చూపే పరికరంతో చేసే పరీక్ష) చేయించాలి, ఎందుకంటే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో సుమారు 70 శాతానికి ఆ రెండు రకాలే కారణం. ‘ఇతర హై రిస్క్’ అని ఉంటే సాధారణంగా ఏడాది తర్వాత మళ్లీ పరీక్షిస్తారు. ఆ వరుసే లేకపోతే ల్యాబును అడిగి తెలుసుకోండి.

2. పాప్ రిపోర్టులో నమూనా సరిపోయిందని రాశారో లేదో చూడండి. సరిపోలేదని ఉంటే దాన్ని నార్మల్‌గా లెక్కించకూడదు.

3. కలయిక తర్వాత గానీ నెలసరుల మధ్య గానీ రక్తం కనిపిస్తే ఏ రిపోర్టు కోసమూ ఆగకుండా గైనకాలజిస్టుకు చూపించండి. ప్రభుత్వ వైద్యం కావాలంటే రెడ్ హిల్స్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ఉంది.