మేనల్లుడికి వాడిన హైబ్రిడ్ కారు

ప్రశ్న: బొబ్బిలిలో ఉద్యోగంలో చేరిన మా మేనల్లుడికి వాడిన హైబ్రిడ్ కారు కొనివ్వాలనుకుంటున్నాము. బ్యాటరీ గురించే భయం. ఏమి చూడాలి?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: హైబ్రిడ్ అంటే ఇంజనుతోపాటు బ్యాటరీతో నడిచే మోటారు కూడా ఉన్న కారు. ముందుగా అది ఏ రకం హైబ్రిడ్డో తేల్చుకోండి. మారుతి కార్లు సియాజ్, ఎర్టిగాల స్మార్ట్ హైబ్రిడ్‌లో మోటారు ఇంజనుకు చేయూతనిస్తుందే తప్ప తానొక్కటే కారును నడపలేదు. 2022లో వచ్చిన టయోటా హైరైడర్, మారుతి గ్రాండ్ విటారాల స్ట్రాంగ్ హైబ్రిడ్ (మోటారు ఒక్కటే కూడా కొంతసేపు కారును నడపగల) రకాలకు బ్యాటరీపై 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఉంది కనుక, మీ మేనల్లుడికి నేను వాటినే సూచిస్తాను. అయితే కంపెనీ సర్వీసు కేంద్రంలో బ్యాటరీని పరీక్ష చేయించి, సర్వీసు చరిత్ర అంతా చూసి, మిగిలిన వారంటీ మీకు వర్తిస్తుందని రూఢి చేసుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి. బ్యాటరీని చల్లబరిచే గాలి మార్గంలో దుమ్ము పేరుకోకూడదు. తుపానుల తాకిడి ఉన్న మన తీరంలో నీట మునిగిన బండ్లు కూడా అమ్మకానికి రావచ్చు. సీటు బెల్టును పూర్తిగా బయటికి లాగి బురద మరకలున్నాయేమో చూడండి, ఉంటే ఎంత చవకైనా వద్దు.