గీజరు వాల్వు కారుతుంటే మూత బిగించకండి

ప్రశ్న: మా ఇంట్లో 25 లీటర్ల గీజరు ఉంది. నెల క్రితం దానికి ఫోనుతో నడిచే 16 ఆంపియర్ల స్మార్ట్ ప్లగ్ పెట్టి, తెల్లవారుజామున ఐదింటికి దానంతట అదే ఆన్ అయ్యేలా టైమర్ అమర్చాను. అప్పటి నుంచి గీజరు కింద ఉన్న సేఫ్టీ వాల్వు నుంచి రోజూ నీళ్లు కారుతున్నాయి. ప్లంబరు చూసి, ఆ రంధ్రానికి మూత బిగిస్తే సరిపోతుందన్నాడు. ఇది ప్లగ్ వల్ల వచ్చిన సమస్యేనా? మూత వేయించవచ్చా?
— ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: ముందు రెండో ప్రశ్నకు జవాబు చెబుతాను. మూత వేయించవద్దు, ఇప్పటికే వేసి ఉంటే ఈ పూటే తీయించండి, అంతవరకు గీజరు ఆన్ చేయకండి. గీజరు నాలుగు వైపులా మూసి ఉన్న తొట్టి. తగినంత వేడెక్కగానే కరెంటు తెంచే థర్మోస్టాట్ పాడై, దాని వెనుక రక్షణగా ఉండే కటౌట్ కూడా పనిచేయని రోజున, లోపలి నీరు ఒత్తిడిలో 100 డిగ్రీలు దాటి వేడెక్కుతూనే ఉంటుంది. అప్పుడు తొట్టి పగిలితే ఆ నీటిలో కొంత భాగం క్షణంలో ఆవిరి అవుతుంది, లీటరు నీరు ఆవిరైతే సుమారు 1600 లీటర్ల చోటు కావాలి. ఆ ఒత్తిడి బయటికి పోవడానికి ఉన్న ఆఖరి దారి ఈ చిన్న ఇత్తడి వాల్వు ఒక్కటే. నేల తడుస్తోందని దాన్ని మూసేయమనే సలహా ఎవరిచ్చినా వినకండి.

ఇక ప్లగ్ సంగతి. 2000 వాట్ల గీజరు తీసుకునే విద్యుత్తు సుమారు 9 ఆంపియర్లు కనుక మీ 16 ఆంపియర్ల ప్లగ్ సరిగ్గానే ఉంది, వాల్వును అది పాడు చేయలేదు. అయితే టైమర్ వల్ల ఇంట్లో ఒక అలవాటు మారింది. నీరు 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు వేడెక్కేటప్పుడు దాని పరిమాణం సుమారు 1.4 శాతం పెరుగుతుంది. మీ 25 లీటర్ల తొట్టిలో అది దాదాపు 350 మిల్లీలీటర్లు, అంటే ఒక పెద్ద స్టీలు గ్లాసుడు. ఇంతకుముందు గీజరు వేసిన తరువాత ఎవరో ఒకరు మధ్యలో వేడినీళ్ల కుళాయి తిప్పేవారు కాబట్టి, పెరిగిన నీరు అటు పోయి ఉంటుంది. ఇప్పుడు అందరూ నిద్రలో ఉండగా కుళాయిలన్నీ మూసి ఉంటాయి. చన్నీటి గొట్టంలోకి వెనక్కి పోకుండా వాల్వులోనే మరో కవాటం అడ్డుకుంటుంది కనుక, ఆ గ్లాసుడు నీరు సేఫ్టీ రంధ్రం నుంచే రావాలి. పక్కింటి గీజరు కారడం లేదే అని మీరు అడగవచ్చు. బహుశా వారి వాల్వులో వెనక్కి అడ్డుకునే కవాటం అరిగిపోయి, వేడినీరు చన్నీటి గొట్టంలోకి పోతూ ఉండవచ్చు. వారి చన్నీళ్ల కుళాయి తిప్పగానే మొదట గోరువెచ్చని నీరు వస్తోందేమో చూడమనండి.

మీది ఈ మామూలు కారుడేనా, లోపమా అన్నది ఒక ఖాళీ సీసాతో తేలిపోతుంది. రంధ్రానికి ఉన్న గొట్టం కింద సీసా పెట్టి, ఒక రాత్రి టైమర్ ఆపేసి, గీజరు చల్లగా ఉంచండి. తెల్లారేసరికి సీసా ఖాళీగా ఉండి, మర్నాడు వేడి చేసినప్పుడు మాత్రమే గ్లాసుడు నీరు చేరితే వాల్వు తన పని తాను చేస్తున్నట్టే. చల్లగా ఉన్నప్పుడు కూడా చుక్కలు పడితే మాత్రం లోపల ఏదో అడ్డుపడింది. ఎందుకంటే పది మీటర్ల ఎత్తున్న ట్యాంకు నుంచి వచ్చే నీటి ఒత్తిడి సుమారు 1 బార్ మాత్రమే. సాధారణంగా 8 బార్ దగ్గర తెరుచుకునే వాల్వును ఆ ఒత్తిడి తెరవలేదు.

మన డెల్టాలో ఆ అడ్డం ఏమిటో ఊహించడం కష్టం కాదు. వరదల కాలంలో ధవళేశ్వరం దాటి కాలువల్లోకి వచ్చే ఎర్రనీటిలోని వండ్రు ట్యాంకు అడుగున పేరుకుని, ఏ కొంచెం కదిలినా గొట్టాల్లోకి దిగుతుంది. సముద్రం వైపు ఊళ్లలో బోరు నీటి ఉప్పు, సున్నపు పొర దానికి తోడవుతాయి. వాల్వు పీట మీద ఇసుక రేణువు ఒకటి ఇరుక్కున్నా అది పూర్తిగా మూసుకోదు. స్విచ్‌బోర్డులోని ఎంసీబీ దింపి, గీజరు చల్లారాక, వాల్వుకున్న మీటను నాలుగైదుసార్లు ఎత్తి దించితే నీటి వేగానికి చెత్త కొట్టుకుపోవచ్చు. అలా చేసినా కారుడు ఆగకపోతే వాల్వు మార్చడమే మంచిది, దాన్ని విప్పి లోపలి స్ప్రింగును సవరించకండి. గీజరు మీద ముద్రించిన ఒత్తిడి పరిమితికి సరిపోయే వాల్వునే కొని, దాని మీది బాణం గుర్తు గీజరు వైపు ఉండేలా, మరకు టెఫ్లాన్ టేపు చుట్టి బిగించమనండి. రంధ్రం గొట్టం చివర కుళాయి గాని, మూత గాని ఉండకూడదు. ఉప్పునీరు వాడే ఇళ్లవారు ఆ పని చేయించే రోజునే తొట్టిలోని మెగ్నీషియం కడ్డీని కూడా చూపించుకోవాలి. తొట్టికి బదులు తాను తుప్పుకు తినబడటమే దాని పని, ఉప్పునీటిలో అది త్వరగా కరిగిపోతుంది.

మీ ప్లగ్ ఇక్కడ పనికొస్తుంది. దాని యాప్‌లో విద్యుత్తు వాడకం గ్రాఫు ఉంటే ఒక ఉదయం గమనించండి. మీ గీజరు 2000 వాట్లదైతే, 25 లీటర్లను 60 డిగ్రీలకు చేర్చడానికి సుమారు అరగంట పడుతుంది. ఆ తరువాత థర్మోస్టాట్ తెంచేయగానే గీత సున్నాకు పడిపోవాలి. కుళాయిలు తిప్పకుండానే గంట దాటినా గీత 2000 దగ్గరే నిలిచి ఉంటే లోపం వాల్వుది కాదు, థర్మోస్టాట్‌ది. వాల్వు నుంచి పొగలు కక్కే నీరు చిమ్మినా అర్థం అదే. అప్పుడు గీజరు ఆపి, మెకానిక్ వచ్చేదాకా వాడకండి.

ప్రశ్న: ఇంగ్లండులో ఉన్న మా అమ్మాయి ఇంట్లో, స్మార్ట్ థర్మోస్టాట్ యాప్ హీటింగ్ ఆన్ అని చూపుతున్నా గదిని వెచ్చబరిచే రేడియేటరు ఒక పడకగదిలో మాత్రం చల్లగా ఉంటోంది. యాప్‌లో ఏమైనా మార్చాలా?
— ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: యాప్‌తో పని లేదండి. అక్కడ బాయిలరులో కాగిన నీరు గొట్టాల ద్వారా గదిగదికీ ఉన్న రేడియేటర్లలోకి తిరుగుతుంది. కాలువ నిండుగా పారుతున్నా తూము మూసుకుపోతే మన చేనుకు నీరందదు కదా, ఆ ఒక్క గదిలోనూ అదే జరిగి ఉంటుంది. రేడియేటరు పక్కన అంకెలున్న గుండ్రని తలను చేత్తో విప్పితే కింద చిన్న పిన్ను కనిపిస్తుంది. వేసవంతా మూసి ఉంచడం వల్ల అది లోపలికి ఇరుక్కుపోయి నీటి దారిని మూసేస్తుంది. చదునైన వస్తువుతో మెల్లగా నొక్కి వదిలితే రెండు మూడు మిల్లీమీటర్లు లేచి రావాలి. పట్టకారుతో పైకి లాగవద్దని మాత్రం గట్టిగా చెప్పండి, పిన్ను ఊడితే నల్లటి నీరు కార్పెట్ మీద చిమ్ముతుంది. పిన్ను బాగానే ఆడుతూ, రేడియేటరు కింద వేడిగా, పైన చల్లగా ఉంటే లోపల గాలి చేరినట్టు. గ్యాసు బాయిలరును తెరవాల్సి వస్తే అక్కడి చట్టం ప్రకారం గ్యాస్ సేఫ్ రిజిస్టరులో పేరున్న ఇంజనీరే రావాలి. వచ్చే వేసవిలో ఆ తలను పూర్తిగా తెరిచి ఉంచమనండి.