ముందు బ్లాక్, ఆ తర్వాతే క్యామ్

అల్లుడూ,

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. బోర్‌లో, అంటే బ్లాక్‌లో పిస్టన్ ఆడే గుండ్రటి రంధ్రంలో, నిలువు గీతలు తెలుస్తూనే ఉన్నాయి. బ్లాక్ అడుగున కిందికి దిగే అంచు, అదే స్కర్ట్ మీద సన్నటి గీత ఒకటుంది, అది పగులో, పోత గుర్తో ఫొటోలో తేలడం లేదు. ఇవన్నీ పక్కన పెట్టి, "ఏ క్యామ్ వేయమంటావు మామా?" అని అడిగావు. డ్రాగ్‌కు, అంటే తిన్నటి దారిలో తక్కువ దూరం పందేనికి, బండి కట్టాలనుకునే కుర్రాళ్లందరికీ ఇదే తొందర. బ్లాక్ మీద చేసే ప్రతి పనీ సీసీనో, కంప్రెషన్‌నో, కొన్ని ఇంజిన్లలో క్యామ్ టైమింగ్‌నో కదిలిస్తుంది. అందుకే వాల్వులను లేపే ఆ క్యామ్‌ను చివరన కొనాలి.

లెక్క వేసి చూపిస్తా. నీ పాత బుల్లెట్ బోర్ 70 మి.మీ., స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 90 మి.మీ., అంటే 346 సీసీ. బోర్ 0.25 పెంచితే 348.8 అవుతుంది. 0.50 పెంచితే 351 దాటిపోతుంది. నువ్వు పేరిచ్చే క్లాసుకు పైహద్దు 350 అని రాసి ఉంటే ఆ పావు మిల్లీమీటరుతోనే నువ్వు బయటికి. గీతలు పోవాలంటే ఎంత తీయాలో ముందు బోర్ గేజ్‌తో చూడు. పైన, నడుమ, కింద మూడు చోట్లా, ఒక్కోచోట ముందు-వెనక, కుడి-ఎడమ రెండు కొలతలు తీసి రాసుకో. 0.25లో తేలకపోతే ఓవర్‌సైజ్ జోలికి పోకుండా స్లీవ్ (బోర్‌లో దించే ఇనుప గొట్టం) వేయించి మళ్లీ 70కి తెచ్చుకో. నా మాట అడిగితే, రేసు బండికి స్లీవే మేలు. సీసీ మారదు, ముందుముందు రీబోర్‌కు చోటు కూడా మిగులుతుంది.

అయితే స్లీవ్ కంటే ముందు ఆ అడుగున ఉన్న గీత సంగతి తేలాలి. బ్లాక్‌ను శుభ్రంగా కడిగి ఆరబెట్టు. గీత ఉన్నచోట కిరోసిన్ పూసి కాసేపు వదిలెయ్, డీజిల్ అయినా పర్లేదు. పొడి గుడ్డతో బాగా తుడిచి పైన ముగ్గు పిండి చల్లు. పగులైతే లోపల దాక్కున్న నూనె ఊరి, పిండి మీద సన్నటి తడి గీత లేస్తుంది. పోత గుర్తయితే పిండి తెల్లగానే ఉంటుంది. తడి గీత కనిపించిందా, ఆ బ్లాక్‌ను మరిచిపో. స్లీవ్ బిగువుగా కూర్చునే వస్తువు, దాని ఒత్తిడికి పగులు ఇంకా విచ్చుకుంటుంది. వెల్డింగ్ చేయిద్దామంటావేమో. పోత ఇనుమును సరిగ్గా వేడి చేయకుండా, నికెల్ రాడ్ వాడకుండా అతికిస్తే వెల్డ్ పక్కనే ఇంకో పగులు వస్తుంది. రెక్క ఒకటి విరిగితే అతికించుకోవచ్చు గానీ, పిస్టన్ ఆడే గోడకు వద్దు.

చెరుకు గానుగ ఇంజిన్లకు స్లీవ్‌లు దించి దించి అలవాటైన చేతులు మన చిత్తూరులో ఉన్నాయి. వాళ్లకు ఒక్కటే చెప్పు, స్లీవ్‌కు పైన కాలర్ ఉండాలి, అది బ్లాక్ ముఖంతో సమంగా కూర్చోవాలి. కాలర్ లేకుండా దించితే వేడికి జారి హెడ్ గ్యాస్కెట్ ఊదుతుంది. ఇంకో సంగతి, పిస్టన్ చేతికివ్వకుండా బోరింగ్ మొదలుపెట్టనివ్వొద్దు. డబ్బా మీద రాసిన సైజును నమ్మకుండా, ఆ పిస్టన్‌నే కొలిచి దానికి తగ్గట్టు బోర్ తీయాలి. రింగ్ గ్యాప్, అంటే పిస్టన్ రింగ్ రెండు కొసల నడుమ సందు, మోటుగా 25 మి.మీ. బోర్‌కు 0.1 చొప్పున చూసుకో, నీకు 0.28 దాకా వస్తుంది. రేసుకు ఒక వెంట్రుక ఎక్కువున్నా నష్టం లేదు, తక్కువుంటే మాత్రం రింగ్ కొసలు రెండూ తగిలి బోర్ మళ్లీ గీసుకుపోతుంది.

ఇక నువ్వడిగిన క్యామ్. ముందు రూల్ చదువు. అమెరికాలో డ్రాగ్ రేసులు నడిపే ఎన్‌హెచ్‌ఆర్‌ఏ వాళ్ల స్టాక్ క్లాసులో వాల్వ్ లిఫ్ట్ (వాల్వ్ లేచే ఎత్తు) కంపెనీ ఇచ్చినంతే ఉండాలి, డ్యురేషన్ (తెరుచుకుని ఉండే సేపు) మాత్రం నీ ఇష్టం. అందుకే అక్కడివాళ్లు లోబ్ (వాల్వ్‌ను నెట్టే క్యామ్ ఉబ్బు) ఎత్తును ముట్టుకోకుండా పక్కలు లావు చేస్తారు. వాల్వ్ అంతే లేస్తుంది, కానీ త్వరగా లేచి ఎక్కువసేపు తెరుచుకుని ఉంటుంది. అది చూసి ఇక్కడా చెల్లుతుందనుకోకు. మన దగ్గర మోటారు రేసులను చూసే సంఘం ఎఫ్‌ఎమ్‌ఎస్‌సీఐ కింద జరిగే పోటీలకు ఆ ఏడు విడుదల చేసే రూల్సే ప్రమాణం. స్టాక్ తరహా క్లాసుల్లో సాధారణంగా, మార్చుకోవచ్చని రాయనిది ఏదైనా మార్చకూడదనే అర్థం. "వద్దని ఎక్కడా రాయలేదు కదా సార్" అని స్క్రూటినీలో, అంటే బండి తనిఖీలో, వాదించే పిల్లలను చూస్తే నాకు జాలేస్తుంది.

ఎన్‌హెచ్‌ఆర్‌ఏ వాళ్లు లిఫ్ట్ కొలిచేది వాల్వ్ స్ప్రింగ్‌ను పట్టి ఉంచే బిళ్ల, అదే రిటైనర్ మీద డయల్ గేజ్ పెట్టి. నువ్వూ ఇంట్లో అలాగే కొలిచి పుస్తకంలో రాసుకో. ట్యాపెట్ సందు (వాల్వ్‌కు, దాన్ని నెట్టే భాగానికి నడుమ ఖాళీ) లేకుండా చూసుకున్నాకే కొలవాలి, లేకపోతే ఆ సందంతా లిఫ్ట్‌లో తగ్గి కనిపిస్తుంది.

పాత క్యామ్‌నే గ్రైండ్ చేయిస్తే చవకని నీ ఫ్రెండ్ అన్నాడట. గ్రైండింగ్‌లో లోబ్ పెరగదు, కింది గుండ్రం తగ్గుతుంది, దాంతో లిఫ్ట్ పెరిగినట్టవుతుంది. గట్టిదనమంతా పైపొరలోనే ఉంటుంది కాబట్టి ఎక్కువ అరిగిస్తే మెత్తటి ఇనుము బయటపడుతుంది, నాలుగు రన్నులకే లోబ్ తినేస్తుంది. నేనైతే అది వేయను. ఏ క్యామ్ వేసినా పిస్టన్ నెత్తిన పిల్లలాడుకునే క్లే అంటించి, హెడ్ బిగించి, చేత్తో రెండు చుట్లు తిప్పి, విప్పి, క్లే కోసి మందం చూడు. ఇన్‌లెట్ దగ్గర 2 మి.మీ., ఎగ్జాస్ట్ దగ్గర 2.5 మి.మీ.కు తగ్గకూడదు. ఎగ్జాస్ట్ వాల్వ్ మూసుకునేటప్పుడు పిస్టన్ దాన్ని తరుముతూ పైకొస్తుంది, వేడికి వాల్వ్ కాస్త సాగుతుంది కూడా, అందుకే ఆ ఎక్కువ.

నీ ఫ్రెండ్ బండి హెడ్‌లోని క్యామ్‌ను చైన్ తిప్పే ఇంజిన్ కదా, వాడికీ ఈ మాట చెప్పు. బ్లాక్ ముఖం గానీ హెడ్ గానీ స్కిమ్ చేయిస్తే (పైన పలచగా చెక్కిస్తే) క్యామ్‌కు, క్రాంక్‌కు నడుమ దూరం తగ్గి క్యామ్ టైమింగ్ కొంచెం వెనక్కి పోతుంది. మార్కులు కలిశాయని ఊరుకోకుండా క్రాంక్‌కు డిగ్రీ వీల్ (డిగ్రీల గుర్తులున్న చక్రం) పెట్టి చూసుకోమను. ఆర్‌ఎక్స్ 100 వాళ్లకు ఈ గొడవ లేదు. టూ స్ట్రోక్‌కు క్యామే ఉండదు, వాళ్ల తంటాలన్నీ పోర్టులతో, అంటే సిలిండర్ గోడలోని రంధ్రాలతో.

బండి కట్టాక ట్రయల్ అని బైపాస్ మీదికి మాత్రం పోవద్దు. పబ్లిక్ రోడ్డు మీద రేసుకు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 189 ఉంది, 2019 సవరణ తర్వాత మొదటిసారికే మూడు నెలల దాకా జైలు గానీ, 5,000 దాకా జరిమానా గానీ, రెండూ గానీ. రాణిపేట, వాలాజా మీదుగా శ్రీపెరంబుదూరు దాటితే ఇరుంగట్టుకోట్టై రేసు ట్రాక్ ఉండనే ఉంది.

ఆదివారం పొద్దున బ్లాక్, పిస్టన్, దాన్ని కనెక్టింగ్ రాడ్‌కు కలిపే గడ్జన్ పిన్ మూడూ పట్టుకొని షెడ్డుకు రా. ముగ్గు పిండి అక్క దగ్గర అడిగి తెచ్చుకో, నా దగ్గర లేదు. ఆలోపు క్యామ్‌కు అడ్వాన్స్ ఇచ్చావని తెలిస్తే మాత్రం ఊరుకోను.

మీ మామ