ఇంట్లో బడి పెట్టిన వారానికే ఇల్లంతా ఏడుపులు

ప్రశ్న: మాది చీమకుర్తి. మావారు గ్రానైట్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు, మా చర్చి సంఘంలో పెద్ద కూడా. మాకు ఇద్దరు ఆడపిల్లలు, పన్నెండేళ్ళు, తొమ్మిదేళ్ళు. బడిలో పిల్లల మాటలు, ఫోన్లు, యానివర్సరీకి సినిమా డాన్సులు చూసి భయమేసి, దేవుని భయంలో పెంచాలని ఇద్దర్నీ మాన్పించాం. నేను డిగ్రీ చదివాను, నేనే చెప్పుకుంటానన్నాను. ఉదయం ఐదు నుంచి సాయంత్రం ఐదు దాకా టైమ్‌టేబుల్ రాసి గోడకి అంటించాను. సోమవారం బాగానే జరిగింది. బుధవారానికి చిన్నది తీసివేతల దగ్గర ఏడుపు. గురువారం పెద్దది ఎదురు మాట్లాడిందని 119వ కీర్తన మొత్తం రాయమన్నాను. శుక్రవారం కూడా రాస్తూనే ఉంది, అప్పట్నుంచి సరిగ్గా తినదు, మాట్లాడదు. శనివారం మావారు ఇద్దరికీ పరీక్ష పెట్టి, వారమంతా ఏం నేర్పావు అన్నారు. ఆదివారం సండే స్కూల్లో ఏ బడి అని అడిగితే పెద్దది పాత బడి పేరే చెప్పింది. ఆడపిల్లల్ని ఇంట్లో కూర్చోబెట్టారని అత్తగారు రోజూ దెప్పుతున్నారు. నా విశ్వాసం చాలలేదా? మళ్ళీ బడికి పంపెయ్యాలా?

జవాబు: అమ్మా, ముందు ఆ కీర్తన రాయించడం ఇవాళే ఆపెయ్యండి. బైబిల్లో అన్నిటికన్నా పెద్ద అధ్యాయం అది, 176 వచనాలు. దేవుని మాట తేనెకన్నా తీపి అని పాడుకున్న కీర్తనని మీ పాప వేళ్ళు నొప్పి పుట్టేలా రాస్తూ కూర్చుంటే, రేపు పెద్దయ్యాక ఆ పేజీ తెరిచినప్పుడల్లా ఆ పిల్లకి గుర్తొచ్చేది ఆ గురువారమే. వాక్యం మీద ఇష్టం పుట్టాలని కదా మీరు బడి మాన్పించింది, అదే వాక్యాన్ని శిక్షగా వాడితే ఎలా? రాత్రి పక్కన కూర్చుని, నీతో అలా రాయించకుండా ఉండాల్సింది, మిగిలింది రాయక్కర్లేదు అని చెప్పండి. అంతే, దాని వెనక ఇంకో బోధ పెట్టకండి.

మీ ఉత్తరంలో నన్ను బాగా బాధపెట్టిన విషయం ఇంకొకటి ఉంది. మీవారు ఏమన్నారో రాశారు, అత్తగారు ఏమన్నారో రాశారు, పెద్దమ్మాయి మాత్రం ఎదురు మాట్లాడింది అని రాసి వదిలేశారు. ఆ పిల్ల అసలు ఏమన్నదమ్మా? పన్నెండేళ్ళ పిల్లకి బడి అంటే పాఠాలొక్కటే కాదు కదా, పక్కన కూర్చునే స్నేహితురాలు, ఆటల పీరియడు, పేరు పెట్టి పిలిచే టీచరు, ఇవన్నీ ఒక్కసారిగా పోయాయి, పైగా ఆ పిల్లని ఒక్క మాట అడిగినట్టు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. సండే స్కూల్లో పాత బడి పేరు చెప్పింది అంటే, నలుగురిలో ఏం చెప్పాలో తెలియక, సిగ్గుపడి చెప్పి ఉంటుంది. దాన్ని అబద్ధం కింద పట్టుకుని కుటుంబ ప్రార్థనలో ఒప్పుకోమని మాత్రం అనకండి. మేమే ఇంట్లో చదివిస్తున్నాం అని మీరే టీచరుతో చెబితే ఆ బరువు పిల్ల మీద ఉండదు.

ఇక టైమ్‌టేబుల్. పన్నెండు గంటలు ఏ బడిలోనూ కూర్చోబెట్టరు. బడిలో చాలా టైము హాజరు పట్టీకి, వరసల్లో నిలబడటానికి, నలభై మంది నోట్సులు దిద్దడానికే పోతుంది. ఇద్దరు పిల్లలకి పొద్దున్నే మూడు గంటలు మనసు పెట్టి చెబితే చాలు, మిగిలిన రోజు వంట, కుట్టు, ఆట, చదువుకోవడం, ఊరికే ఉండటం. ద్వితీయోపదేశకాండం ఆరో అధ్యాయం మీకు కంఠతా వచ్చే ఉంటుంది, పిల్లలకి ఎప్పుడు నేర్పమంది అక్కడ? ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు. గోడ మీద కాగితం అంటించి గంట కొట్టమని ఎక్కడా లేదు.

చిన్నదాని తీసివేతల సంగతి చెబుతాను, దీనికి ఏడవాల్సిన పనిలేదు. 503లోంచి 267 తియ్యమంటే చాలామంది పిల్లలు మధ్యలో ఉన్న సున్నా దగ్గర ఆగిపోతారు. పక్కింటికి అప్పుకెళ్తే అక్కడే ఏమీ లేదు మరి. పలక పక్కన పెట్టి ఐదు వంద నోట్లు, మూడు రూపాయి బిళ్ళలు చేతికివ్వండి. పాపని కొట్టులో కూర్చోబెట్టి మీరు బేరానికి వెళ్ళి 267 అడగండి. రూపాయిలు చాలవు కాబట్టి తనే ఒక వంద విడిపించి పది పదులు చేస్తుంది, అందులో ఒక పదిని మళ్ళీ పది రూపాయి బిళ్ళలు చేస్తుంది. అప్పుడు మీ చేతికి 267 ఇచ్చాక తన దగ్గర 236 మిగులుతాయి. నోట్లతో నాలుగు రోజులు ఆడాక పలక మీదికి రండి, అంతకు ముందు వద్దు.

మీవారి విషయం. శనివారం వచ్చి పరీక్ష పెట్టే హక్కు ఆయనకి ఉందంటే, వారంలో ఒక రోజు పాఠం చెప్పే బాధ్యతా ఆయనదే. ఆయన రోజూ చేసే లెక్క మీకు రాదు కదా, రెండు మీటర్ల పొడవు, మీటరున్నర వెడల్పు, మీటరు ఎత్తు ఉన్న బ్లాకు ఎన్ని క్యూబిక్ మీటర్లు? మూడు. మన చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ రాయి క్యూబిక్ మీటరు మూడు టన్నుల దగ్గర తూగుతుంది, మరి ఆ బ్లాకు లారీకి ఎంత బరువు? ఇది పెద్దమ్మాయికి నాన్న కాగితం మీద బొమ్మ గీసి చెప్పాల్సిన పాఠం. సంఘంలో పది మందికి వాక్యం చెప్పే మనిషికి ఇంట్లో ఒక గంట కష్టం కాదు.

ఆయనకి ఇంకో మాట కూడా చెప్పండి. బడి అంటే లోకం, ఇల్లంటే దేవుడు అనే లెక్క మన జిల్లా క్రైస్తవుల చరిత్రలో లేదు. 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత పని కాంట్రాక్టుకి తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకి కూలి ఇప్పించిన జాన్ క్లౌ దొర ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్ట్ మిషనరీయే కదా, 1878 జులై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది ఆయన కాలంలోనే. ఆ మిషన్ వాళ్ళు గుడి కట్టిన చోట బడి కూడా పెట్టారు, ఆడపిల్లల్ని కూడా కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించారు. పిల్లలిద్దర్నీ ఒంగోలు తీసుకెళ్ళి ప్రార్థన కొండ ఎక్కించి ఈ సంగతి మీవారినే చెప్పమనండి, సాంఘిక శాస్త్రం పాఠం కూడా అయిపోతుంది.

అత్తగారి మాట మీకు గుచ్చుకుంటున్నా ఆవిడ భయంలో న్యాయం ఉంది. ఆడపిల్ల చదువు ఆగిపోతుందేమో అనేకదా. కాబట్టి కాగితాలు సరిగ్గా పెట్టుకోండి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకి బడి హక్కు. మధ్యలో మానేసిన పిల్ల తిరిగి వస్తే వయసుకి తగ్గ తరగతిలో చేర్చుకోవాలి, టీసీ ఆలస్యమైందని ప్రభుత్వ బడి కాదనకూడదు. అంటే తలుపు మూసుకుపోలేదు. ఇంట్లోనే కొనసాగితే పద్నాలుగు నిండాక రాష్ట్ర ఓపెన్ స్కూల్లో గానీ జాతీయ ఓపెన్ స్కూల్లో గానీ పదో తరగతి పరీక్ష రాయొచ్చు. బడిలో పేరు లేకపోతే బడి పిల్లల తల్లులకి ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బు రాదు, అదీ లెక్కలో వేసుకోండి.

నా ఉద్దేశం సూటిగా చెప్తాను. చిన్నది ఈ ఏడాది మీ దగ్గర చదువుకోవచ్చు, మూడు గంటల పద్ధతిలో అయితే. పెద్దమ్మాయిని మాత్రం మీరిద్దరూ కూర్చోబెట్టుకుని, మధ్యలో సరిదిద్దకుండా, ఏం కావాలో అడగండి. బడికి వెళ్తానంటే పంపండి. ఫోన్ల గొడవ, డాన్సు గొడవ ఉంటే హెడ్‌మాస్టరుతో మాట్లాడొచ్చు, డాన్సులో వద్దని రాసివ్వొచ్చు, వేరే బడి చూడొచ్చు. ఒకర్ని పంపి ఒకర్ని ఇంట్లో ఉంచితే నలుగురూ ఏమనుకుంటారో అని ఆగకండి. మీ విశ్వాసం గురించి అడిగారు. మీ ఉత్తరంలో నాకు కనిపించింది బాగా అలిసిపోయిన తల్లి, విశ్వాసంలో లోపమేమీ కనపడలేదు. కంటినిండా నిద్రపోండి.

తిండి సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోకండి. శిక్ష ఆపేసి, మాట్లాడాక కూడా రెండు వారాల దాకా అలాగే తినకుండా, పలకకుండా ఉంటే ఉపవాస ప్రార్థనతో సరిపెట్టకుండా ఒంగోలు ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళండి, లేదా మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యండి, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. బతకాలని లేదు లాంటి మాట ఒక్కటి నోట వచ్చినా రెండు వారాలు ఆగొద్దు, ఆ రోజే తీసుకెళ్ళండి.