ఆల్టర్నేటర్ వారంటీలో పాడైతే సప్లయర్ దగ్గర రిపేరుకు ఒప్పుకోవాలా?

కొత్త ఆల్టర్నేటర్ (ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీని చార్జ్ చేసే భాగం) వేయకుండా, పాడైనదాన్నే తయారుచేసిన కంపెనీకి, అంటే సప్లయర్‌కు పంపి బాగుచేయిస్తామని షోరూమ్ వాళ్లు అంటున్నారు, ఒప్పుకోవాలా అని అడిగారు. ఒప్పుకోవచ్చు. బాగుచేయాలా, మార్చాలా అన్నది కారు కంపెనీ ఇష్టమేనని దాదాపు ప్రతి వారంటీ పుస్తకంలోనూ ఉంటుంది. కొత్తదే కావాలని భీష్మించుకుంటే పని ఆలస్యమవడం తప్ప ఒరిగేదేమీ లేదు. కానీ ఆ సప్లయర్‌తో మీరే మాట్లాడుకోండి అంటే మాత్రం ససేమిరా ఒప్పుకోకండి.

టైర్లు, బ్యాటరీల సంగతి వేరు. వాటికి సాధారణంగా వాటి కంపెనీలే నేరుగా వారంటీ ఇస్తాయి. ఆల్టర్నేటర్, స్టార్టర్, ఏసీ కంప్రెసర్ వంటివి ఎవరు తయారుచేసినా కారుతో పాటు వచ్చినవి కాబట్టి జవాబుదారీ కారు కంపెనీదే. ఈ తేడాను అడ్డుపెట్టుకునే మనల్ని తిప్పుతారు.

నా కారు డాష్‌బోర్డు మీద ఎర్ర బ్యాటరీ గుర్తు వెలిగినప్పుడు సర్వీస్ అడ్వైజర్ బానెట్ కూడా తెరవకుండానే "బ్యాటరీ పోయిందండీ, వాళ్ల డీలరు దగ్గరికి వెళ్లండి" అన్నాడు. బ్యాటరీ డీలరు పరీక్షించి అది నిక్షేపంగా ఉందన్నాడు. ఇంజిన్ నడుస్తుండగా టెర్మినళ్ల మీద మల్టీమీటర్ పెట్టి చూపించాడు: 12.3 వోల్టులు. అక్కడ మామూలుగా 13.8 నుంచి 14.4 దాకా ఉండాలి. హెడ్‌లైట్లు, ఏసీ వేయగానే 12 కిందికి జారింది. (కొత్త కార్లలో కొన్నింటిలో చార్జింగ్‌ను కంప్యూటరే తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది. అందుకే లోడు వేసి చూడాలి.) ఆ రీడింగును ఆయన చేతే చీటీ మీద రాయించి, సంతకం పెట్టించి తెచ్చాక షోరూమ్‌లో మళ్లీ బ్యాటరీ ఊసెత్తలేదు.

జాబ్ కార్డు (బండిని సర్వీసుకు తీసుకునేటప్పుడు మీ ఫిర్యాదు రాసే కాగితం) దగ్గర జాగ్రత్త. "బ్యాటరీ చెక్" అని రాసి సరిపెడతారు. "ఇంజిన్ నడుస్తున్నా చార్జింగ్ కావడం లేదు" అని మీ ఫిర్యాదును ఉన్నదున్నట్టు రాయించండి. రేపు సప్లయర్ చూసేదీ, తగవు వస్తే పనికొచ్చేదీ అదే. ఆల్టర్నేటర్ మీద స్టిక్కరులోని సీరియల్ నంబరును దాన్ని విప్పకముందే ఫోటో తీసుకోండి. తిరిగొచ్చింది మీదేనో, ఇంకెవరిదో అప్పుడే తేలుతుంది. నాది కొత్త రెగ్యులేటర్, బేరింగులతో అదే నంబరుతో వచ్చింది, ఇప్పటికీ బాగానే పనిచేస్తోంది.

ఈలోగా ఆటోనగర్‌లో ఎవరో డైనమో (ఆల్టర్నేటర్‌నే అలా అంటారు) గంటలో బాగుచేసి ఇస్తారని స్నేహితులు చెబుతారు. నిజమే, చేస్తారు కూడా. కానీ బయట ఒక్కసారి విప్పితే సప్లయర్‌కు క్లెయిము తిరస్కరించడానికి సాకు దొరికినట్టే. అదనపు లైట్లకో, హారనుకో వైర్లు కోసి అతికించిన బండ్లకూ ఇదే గతి.

బాగుచేసిన భాగం బిగించాక సున్నా రూపాయల బిల్లయినా సరే అడిగి తీసుకోండి. సాధారణంగా దానికి వర్తించేది కారు వారంటీలో మిగిలిన కాలమే. ఆ కాలం పూర్తయ్యాక మళ్లీ అదే లోపం వస్తే ఈ కాగితమే ఆధారం.

క్లెయిము తిరస్కరిస్తే కారణాన్ని రాతపూర్వకంగా ఇవ్వమనండి, సప్లయర్ నివేదిక కాపీతో సహా. నోటిమాటగా "లోపలికి నీళ్లు వెళ్లాయట" అంటే ఊరుకోకండి. కారు కంపెనీకి ఈమెయిల్ పెట్టి, పని జరగకపోతే 1915కు ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే, రెండేళ్లలోపు కేసు వేయవచ్చు. చెల్లించిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు. డీలరునూ కారు కంపెనీనీ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. అవసరమైతే కమిషన్ ఆ భాగాన్ని ప్రయోగశాలకు పంపించగలదు కాబట్టి, పాత ఆల్టర్నేటర్‌ను తుక్కులో వేయకుండా భద్రపరచాలని ముందే ఈమెయిల్‌లో రాసి పెట్టండి.